బొమ్మ కావాలా, మాట కావాలా?

2022 వేసవి. ఐపీఎల్ నడుస్తోంది. నాలుగు రోజులు సెలవు పెట్టుకుని తాడేపల్లిగూడెం వెళ్తే మా హాల్లో ఒక వింత కనిపించింది. టీవీలో మ్యాచ్ వస్తోంది, సౌండ్ లేదు. పక్కన స్టూలు మీద స్టీలు గ్లాసుకి ఆనించి నిలబెట్టిన నాన్న ఫోను. అందులోంచి తెలుగు కామెంటరీ. టీవీలో బ్యాటర్ అవుటైపోయి, హెల్మెట్ తీసి, తల వంచుకుని పెవిలియన్‌కి నడుస్తున్నాడు. ఫోన్లో మాత్రం ఆయన ఇంకా గార్డు తీసుకుంటున్నాడు. దాదాపు అర నిమిషం గడిచాక ఫోను "అవుట్!" అని అరిచింది. అప్పటికి టీవీలో సిమెంటు ప్రకటన వస్తోంది.

"ఇదేం తిప్పలు నాన్నా?" అన్నాను.

"బొమ్మ ఇందులో బాగుంటుంది, మాట అందులో అర్థమవుతుంది. రెండూ ఒక్కదాంట్లో రావట్లేదురా" అన్నారు.

నాన్న రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఇంగ్లీషు లెక్కలంత వరకే, హిందీ పాటలంత వరకే. ఆ ముందు ఏడాదే రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. బోనస్ డబ్బులతో 43 అంగుళాల టీవీ కొనిపెట్టి, డిష్‌కి హెచ్‌డి ప్యాక్ వేయించి, కొడుకుగా నా బాధ్యత తీరిందనుకున్నాను. ఆ ప్యాక్‌లో క్రికెట్ హెచ్‌డి ఇంగ్లీషులో ఉంది, హిందీలో ఉంది. తెలుగు స్పోర్ట్స్ ఛానల్ కూడా ఉంది, కానీ ఎస్‌డిలో. అంత పెద్ద తెర మీద అది నీళ్లలో తడిసిన పేపరులా ఉండేది.

ఆ తేడా ఎంతో చెప్తాను. ఎస్‌డి బొమ్మలో అడ్డంగా 720 చుక్కలు, నిలువుగా 576. మొత్తం 4 లక్షల పైచిలుకు. హెచ్‌డిలో 1920, 1080. అంటే 20 లక్షల పైచిలుకు, సరిగ్గా 5 రెట్లు. సీరియల్‌కి ఇది పెద్దగా అడ్డం రాదు. అత్తగారి మొహం తెర నిండా ఉంటుంది, ఆవిడ కోపం ఎన్ని చుక్కల్లో అయినా తెలిసిపోతుంది. క్రికెట్ అలా కాదు. కెమెరా దూరంగా ఉంటుంది, బంతి చిన్నది, కింద స్కోరు అంకెలు ఇంకా చిన్నవి. ఎస్‌డిలో బౌండరీకి వెళ్లే బంతి రెండు మూడు చుక్కలకి మించదు. ఆపరేషన్ అయిన కళ్లకి 3కీ 8కీ తేడా తెలియాలంటే హెచ్‌డి సోకు కాదు, అవసరం.

స్టార్ స్పోర్ట్స్ 1 తమిళ్ 2017 మేలో వచ్చింది. తెలుగు 2018 డిసెంబర్‌లో. మన ఛానల్‌కి హెచ్‌డి రూపం రావడానికి 2023 మార్చి దాకా ఆగాల్సొచ్చింది. ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు లాంటి మన ఆటగాళ్లు తెలుగులో ఆట విప్పి చెప్తుంటే, ఆ నాలుగేళ్లూ మనం వాళ్లని మసక బొమ్మ మీదే విన్నాం. ఎందుకిలా అని నాన్న అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇంజినీరింగ్ చదివినవాడికి అది కాస్త అవమానమే. ఆ సెలవులో మిగిలిన రోజులు దీని మీదే పోయాయి.

ఉపగ్రహంలో ట్రాన్స్‌పాండర్లని ఉంటాయి. ఒక్కోదాన్నీ 60 సీట్ల బస్సు అనుకోండి. నిజానికి సీటంటే సెకనుకి ఒక మెగాబిట్. ఇప్పటి పద్ధతుల్లో ఒక మామూలు ట్రాన్స్‌పాండర్‌లో సుమారు అన్నే పడతాయి. ఎస్‌డి ఛానల్ ఒకటిన్నర, రెండు సీట్లలో సర్దుకుంటుంది. హెచ్‌డికి, అందులోనూ ఆటలకి, 6 నుంచి 8 సీట్లు కావాలి. అంటే ఒక హెచ్‌డి ఛానల్ ఎక్కించాలంటే నాలుగు ఎస్‌డి ఛానళ్లని దింపాలి. కొత్త బస్సు కొనడం చిన్న విషయం కాదు. 2022 జూన్‌లో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి వెళ్లిన జీశాట్-24లో 24 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లుంటే, ఆ మొత్తాన్నీ టాటా ప్లే ఒక్కటే అద్దెకి తీసుకుంది. సీట్లకి గిరాకీ అంత ఉంది.

ఇక్కడే ప్రాంతీయ భాషకి అసలు దెబ్బ. విజయవాడ కేబుల్ వాళ్లు కన్నడ స్పోర్ట్స్ ఛానల్ వేయకపోతే అడిగేవాళ్లు తక్కువ. ఆ చోటు తెలుగుకి ఇచ్చుకోవచ్చు. డిష్‌కి ఆ వెసులుబాటు లేదు. మన డీటీహెచ్ బస్సు కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా అన్ని ఊళ్లూ తిరుగుతుంది. తెలుగు హెచ్‌డికిచ్చిన 7 సీట్లు లక్నో మీదుగా వెళ్లేటప్పుడు ఖాళీగానే వెళ్తాయి. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 8.11 కోట్లు, దేశంలో 7 శాతం కన్నా కాస్త తక్కువ. డీటీహెచ్ కంపెనీలో కూర్చుని లెక్క వేసేవాడికి కనిపించేది ఈ 7 శాతమే. తాడేపల్లిగూడెంలో నూటికి నూరు మందీ ఆ భాషే మాట్లాడతారన్నది ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

మ్యాచ్ రోజు ఇంకో తమాషా ఉంది, మా వృత్తివాళ్లకే నవ్వొచ్చేది. ఒక ట్రాన్స్‌పాండర్‌లోని ఛానళ్లు సీట్లని ఇచ్చిపుచ్చుకుంటాయి. వార్తలు చదివే ఛానల్‌లో బొమ్మ పెద్దగా కదలదు కాబట్టి దాని సీటు కాసేపు ఫైటింగ్ సీన్‌కి వెళ్తుంది. హిందీ, ఇంగ్లీషు, తమిళం, తెలుగు, కన్నడ స్పోర్ట్స్ ఛానళ్లని ఒకే బస్సులో కూర్చోబెడితే ఈ సర్దుబాటు నడవదు. అన్నింట్లోనూ అదే పచ్చగడ్డి, అదే జనం, అదే సిక్సర్. అందరూ ఒకే క్షణంలో సీటు కోసం లేస్తారు.

అసలు ఒకే బొమ్మని అయిదు సార్లు ఎందుకు మోయాలి? భాష మారితే మారేది మాటే కదా. బొమ్మకి 7 సీట్లు కావాలంటే, ఒక ఆడియోకి కావలసింది సీటులో అయిదో వంతు కూడా కాదు. ఒళ్లో కూర్చునే చంటిపిల్ల లాంటిది, టికెట్ అక్కర్లేదు. ఒక హెచ్‌డి బొమ్మకి అయిదు భాషల ఆడియో తగిలిస్తే సరిపోతుంది. ఇదేం కొత్త విద్య కాదు. డిస్కవరీ, కార్టూన్ ఛానళ్లు ఏళ్లుగా చేస్తున్నది ఇదే. మా అక్క కొడుక్కి నాలుగేళ్లప్పుడే రిమోట్‌లో భాష మార్చే బటన్ ఎక్కడుందో తెలుసు. ఆటల్లోనూ సోనీ వాళ్లు 2021 జూన్‌లో టెన్ 4ని తమిళం, తెలుగు రెండింటి కోసం ఒకే పేరు మీద మొదలుపెట్టారు.

ఈ సంగతి కనిపెట్టినప్పుడు చాలా పొంగిపోయాను. నాన్నకి చెప్తే మిల్లు గుమాస్తా బుర్రతో ఒక్క ప్రశ్న వేశారు. "మరి ప్రకటనలో?"

అదీ చిక్కు. బొమ్మ ఒకటే అయితే ప్రకటనలూ ఒకటే. తెలుగు ఛానల్ విడిగా ఉంటేనే హైదరాబాద్ రియల్ ఎస్టేట్ వాళ్లు, మన నగల షాపులవాళ్లు అందులో ప్రకటన కొంటారు. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ టీవీ హక్కులకి డిస్నీ స్టార్ ఒప్పుకున్నది మ్యాచ్‌కి 57.5 కోట్లు, మొత్తం 23,575 కోట్లు. ఆ డబ్బు వెనక్కి రావాలంటే ప్రతి భాషలోనూ విడిగా అమ్ముకోవాలి. మ్యాచ్‌కి ముందు తెలుగు స్టూడియో, తెలుగు కామెంటేటర్లు, ఇవన్నీ వేరే ఛానల్ ఉండబట్టే నిలబడ్డాయి. ఆడియో ఒక్కటి చాలని నేను వాదిస్తే, రేపు ఎవరో నలుగుర్ని ముంబైలో ఒక గదిలో కూర్చోబెట్టి హిందీని అనువాదం చేయించరన్న నమ్మకమేం లేదు. నా వాదన సగం అక్కడే చచ్చిపోయింది.

మిగతా సగం ధరల నియమాల్లో ఇరుక్కుంది. 2019లో అమల్లోకి వచ్చిన ట్రాయ్ పద్ధతిలో మొదట్లో 100 ఛానళ్లకి నెలకి 130 రూపాయలు ఉండేది, పైన పన్ను. అందులో ఒక హెచ్‌డిని రెండు ఛానళ్లుగా లెక్కించేవారు. 19 రూపాయలు దాటిన ఛానల్‌ని ప్యాక్‌లో పెట్టకూడదు. ఈ 19ని 2020లో 12కి దించారు, ఛానళ్లవాళ్లు కోర్టుకెళ్లారు, చివరికి 2022 నవంబర్‌లో మళ్లీ 19 చేశారు. ఆటల ఛానళ్ల ధర ఆ గీత చుట్టూనే తిరుగుతుంటుంది. ఒకే ప్యాక్‌లో ఒక ఛానల్‌కి ఎస్‌డి, హెచ్‌డి రెండూ ఉండకూడదని కూడా ఉంది. జనం ఒకే సరుకుకి రెండుసార్లు డబ్బు కట్టకుండా పెట్టిన మంచి నియమమే అది.

మా ఇంటికొచ్చేసరికి అదే మరోలా తగిలింది. 2023 మార్చిలో తెలుగు హెచ్‌డి వచ్చిందని విని నాన్న ఎగిరి గంతేసినంత పని చేశారు. తీరా చూస్తే మా ప్యాక్‌లో తెలుగు ఎస్‌డి ఉంది కాబట్టి హెచ్‌డి అందులో చేరదు. ప్యాక్ మార్చాలి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే తెలుగు కోసం ఏదో అంకె నొక్కమంది, నొక్కితే హిందీ ఆవిడ వచ్చింది. నాన్నకొచ్చిన హిందీ పాటలతో పని జరగలేదు. రెండో రోజు ప్యాక్ మారింది. తెలుగు హెచ్‌డి వచ్చింది, అమ్మ చూసే సినిమా ఛానల్ ఎగిరిపోయింది. ఇంట్లో వాతావరణం గురించి ఇక్కడ రాయను. చివరికి నేను ఒక ఆదివారం బెంగళూరులో కూర్చుని, వాళ్ల వెబ్‌సైట్‌లో ఆ ప్యాక్ మొత్తం తీసేసి, ఇంట్లో నిజంగా చూసే 30 ఛానళ్లనీ ఒక్కొక్కటిగా ఎంచాను. పేజీ మూడుసార్లు మొదటికొచ్చింది. అది రాసినవాడూ నాలాంటివాడే అయ్యుంటాడని ఊరుకున్నాను. బిల్లు మాత్రం పాతదానికన్నా తగ్గింది. మీ ఇంట్లోనూ ఇదే గొడవైతే ముందు ఈ దారి చూడండి. ప్యాక్‌ని నమ్ముకోవద్దు, విడిగా ఎంచుకోవడం మీ హక్కు.

దూరదర్శన్ ఉంది కదా అంటారు కొందరు. 2007 చట్టం ప్రకారం దేశ ప్రాముఖ్యం ఉన్న మ్యాచ్‌ల సిగ్నల్ దూరదర్శన్‌కి ఇవ్వాలి, నిజమే. అయితే ఆ సిగ్నల్ దూరదర్శన్ సొంత యాంటెనాల్లో, ఫ్రీ డిష్‌లో మాత్రమే రావాలని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రైవేటు డిష్ పెట్టుకున్న ఇంట్లో ఆ సమయానికి డీడీలో ఇంకేదో వస్తుంది.

ఇప్పుడందరూ ఫోన్లోనే చూస్తున్నారు, డిష్ గొడవెందుకు అని మా ఆఫీసు కుర్రాళ్లు అంటారు. 2023లో జియో సినిమా ఐపీఎల్‌ని 12 భాషల్లో ఉచితంగా ఇచ్చిన మాట నిజమే. కానీ సెకనుకి 4 మెగాబిట్ల మామూలు హెచ్‌డిలో మూడున్నర గంటల మ్యాచ్ చూస్తే 6 జీబీ దాటుతుంది. నాన్న ఫోన్లో రోజుకి వచ్చేది ఒకటిన్నర. పైగా ఫోన్లో చూసేవాడు ఒకడు పెరిగితే అవతల ఖర్చూ అంత పెరుగుతుంది, ఆలస్యం ఎలాగూ ఉంది. ఉపగ్రహం దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్నా సిగ్నల్ పైకెళ్లి కిందికి రావడానికి పట్టేది పావు సెకను. ఇంకో లక్ష మంది టీవీ పెట్టినా దాని మీద రవ్వంత భారం పడదు. ఒకే ఆటని కోట్ల మంది ఒకేసారి చూడ్డానికి ఇంతకన్నా చవకైన పద్ధతి నాకైతే తెలియదు.

అందుకే నా కోరిక కొంచెం తగ్గించుకున్నాను. ఐపీఎల్‌కి, ప్రపంచకప్‌కి విడి తెలుగు హెచ్‌డి ఉండనివ్వండి. అక్కడ ప్రకటనలున్నాయి, గిట్టుబాటవుతుంది. ఆంధ్ర, హైదరాబాద్ జట్లు ఆడే రంజీ మ్యాచ్‌లకో, జూనియర్ కబడ్డీకో వేరే ఛానల్ పెట్టమంటే ఎవరూ పెట్టరు. వాటికి హెచ్‌డి బొమ్మ మీద తెలుగు ఆడియో ఒకటి తగిలించండి. దానికి సీటు అక్కర్లేదు, మా ఇంట్లో బాక్సు మార్చక్కర్లేదు, బటన్ ఎక్కడుందో మా మేనల్లుడు చూపిస్తాడు.

నాన్న ఇప్పుడు తెలుగు హెచ్‌డిలోనే చూస్తున్నారు. స్కోరు అంకెలు తనే చదివి అమ్మకి చెప్తారు, ఆవిడ అడక్కపోయినా. మొన్న రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేశారు. అక్కడ గాలివాన మొదలైందట. వానకి మా డిష్‌లో ముందు పోయేది హెచ్‌డి ఛానళ్లే. ఆఖరి ఓవర్లో సిగ్నల్ పోయి తెర నల్లబడింది. స్టీలు గ్లాసు కనబడట్లేదు, ఫోన్ దేనికి ఆనించాలిరా అని అడుగుతున్నారు.