ల్యాప్‌టాప్ కూర్పు: ఒక ప్రతివాదము

సంపాదక మహాశయా,

విడిభాగములు కొని గేమింగ్ ల్యాప్‌టాప్‌ను ఇంటనే చౌకగా కూర్చుకొనవచ్చునని మీ గత సంచికలో వెలువడిన వ్యాసమును చదివి, మా మైదుకూరు, ప్రొద్దుటూరు ప్రాంతముల విద్యార్థులు తలిదండ్రుల కష్టార్జితమును వృథా చేయుదురేమోయను చింతతో ఈ లేఖ వ్రాయుచున్నాను.

1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ ప్రమాణమును వెలువరించినది మొదలు డెస్క్‌టాప్ భాగములు, తయారీదారులు వేరైనను, ఒకదానితో నొకటి పొసగుచున్నవి. ల్యాప్‌టాప్‌నకు అట్టి సర్వసమ్మత ప్రమాణము లేదు. మదర్‌బోర్డు, వేడిని తొలగించు రాగిగొట్టములు, ఫ్యాను ఆయా మోడలునకే సరిపడునట్లు మలచబడును. ప్రాసెసరు, గ్రాఫిక్స్ చిప్పు ప్రాయికముగా బోర్డునకే టంకము వేయబడి యుండును. గ్రాఫిక్స్ భాగమును మార్చుకొనదగిన ఫ్రేమ్‌వర్క్ 16 వంటి యంత్రము లున్నను, అవి చౌకవి కావు.

కావున మంచి గ్రాఫిక్స్ చిప్పును, రెండు ర్యామ్ స్లాట్లును, అదనపు ఎం.2 స్లాటును గల ల్యాప్‌టాప్‌ను మొదట కొని, 8 జీబీ ర్యాము ఒక్కటే యున్నచో అట్టిదే మరియొకటి, పిదప ఎస్ఎస్‌డీ, బ్యాటరీ తీగను ఊడదీసిన పిమ్మటనే అమర్చుకొనుట శ్రేయస్కరము. సమస్తమును స్వహస్తములతో కూర్పగోరువారు సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి విపణులలో భాగములు ఎంచుకొని డెస్క్‌టాప్‌నే నిర్మించుకొందురు గాక. వ్యాసకర్తగారు ఈ భేదమును పాఠకులకు విశదపరుపవలెనని సవినయముగా కోరుచున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మైదుకూరు, కడప జిల్లా