పాత పెట్టెకు పెద్ద డిస్కు

సావనీరుకు ఏదైనా రాయమని మా యూనియన్ కార్యదర్శి అడిగితే, "కంప్యూటరు మీద రాస్తా" అన్నాను. "కృత్రిమ మేధ గురించా?" అన్నాడు ఉత్సాహంగా. "కాదు బాబూ, మా బోటనీ మైక్రోస్కోపు గదిలో ఉన్న పాత కంప్యూటరుకు హార్డ్ డిస్కు మార్చిన సంగతి" అనేసరికి అతని ముఖం వాడిపోయింది. పాఠకులలో కూడా కొందరి ముఖాలు ఈపాటికి అలాగే వాడి ఉంటాయి. అయినా సరే, ఈ మాట చెప్పక తప్పదు. ఎందుకంటే ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది.

ముందుగా ఆ పెట్టె పరిచయం. దాని లోపల విండోస్ ఎక్స్‌పీ, 40 గిగాబైట్ల డిస్కు. మైక్రోస్కోపు కెమెరా నుంచి వచ్చే తీగ, పెట్టెలో బిగించిన ఒక కార్డుకు తగులుకుని ఉంటుంది. ఆ కార్డు కొత్త కంప్యూటర్లలో పట్టదు, దాని సాఫ్ట్‌వేరు కొత్త విండోస్‌లో నడవదు. అనగా ఈ పెట్టె పోతే, లక్షలు పోసి కొన్న కెమెరా మైక్రోస్కోపు కూడా వట్టి కంటితో చూసుకునే మైక్రోస్కోపు అయిపోతుంది. పాత చింతకాయ పచ్చడి అని మనం ఎంత హేళన చేసినా, మా డిపార్ట్‌మెంటుకు పూట గడిచేది దానితోనే.

ఆ కెమెరా తీసే ఒక్కో ఫొటో 1600 చుక్కల వెడల్పు, 1200 చుక్కల ఎత్తు. చుక్కకు మూడు బైట్ల చొప్పున లెక్కేస్తే దాదాపు 6 మెగాబైట్లు. విండోస్ పోగా మిగిలిన జాగా అయిదు వేల ఫొటోలకు నిండిపోతుంది. ఏటా ఒక బ్యాచి ప్రాజెక్టులు చేస్తుంది. మరి చోటెక్కడిది? మా ఆచారం ఏమిటంటే, ఎవరి ఫొటోలు వాళ్ళు పెన్‌డ్రైవులో ఎక్కించుకుపోవడం, జాగా చాలనప్పుడు సీనియర్ల ఫోల్డర్లు చెరిపెయ్యడం. ఎవరూ అడగరు, ఎవరూ రాసుకోరు. పోయినేడు మార్చిలో, రికార్డు ఇవ్వాల్సిన గడువు నెత్తిమీద ఉండగా, నేనూ అదే చేశాను. పేరు లేని ఒక ఫోల్డరు, పైన తేదీ మాత్రం ఉంది. చెరిపేశాను.

జూన్‌లో ఒక అక్క వచ్చింది. మా డిపార్ట్‌మెంటులోనే చదివి, ఇప్పుడు వేరే చోట పరిశోధన చేస్తోంది. "తమ్ముడూ, నా పుప్పొడి ఫొటోలు అందులో ఉన్నాయేమో కాస్త చూస్తావా? నా పెన్‌డ్రైవు పాడైపోయింది" అని అడిగింది. తేదీ చెప్పింది. నాకు నోట మాట రాలేదు. "చూస్తానక్కా" అన్నాను, ఏమీ తెలియనట్టు. ఆమె ఆ మొక్కలను సేకరించింది ఒక చెరువు గట్టు మీద. ఇప్పుడా గట్టు లేదు, అక్కడ ఇళ్ళ ప్లాట్లు వేశారు. మళ్ళీ తీసుకుందామంటే మొక్కలే లేవు. చెరిపింది ఒక ఫోల్డరే అనుకున్నాను గానీ, ఆ చెరువు గట్టుకు మిగిలిన సాక్ష్యాన్ని చెరిపేశానని అప్పుడు తెలిసింది.

మా సార్ దగ్గరకు వెళ్ళి, పెద్ద డిస్కు వేద్దామని అడిగాను. "కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని, దాన్ని కదిలిస్తే మైక్రోస్కోపు కూడా పోతుందయ్యా! గ్రాంటు వచ్చినప్పుడు కొత్తది కొందాం" అన్నారు. ఆయన భయం అర్థం లేనిది కాదు. కానీ మూడుసార్లు అడిగిన తరువాత, "పాతదాన్ని చెడగొట్టకుండా చేస్తానంటే కానీ" అన్నారు. ఆ షరతే మాకు దారి చూపింది.

ఎలా చేశామో కొంచెం వివరంగా చెబుతాను, మరో డిపార్ట్‌మెంటు వారికి పనికొస్తుంది. ఆ పెట్టెలో ఉన్నది వెడల్పాటి రిబ్బను కేబులుతో తగిలించే పాతరకం ఐడీఈ డిస్కు. అటువంటివి ఇప్పుడు కొత్తగా తయారు కావు. కనుక ఒక సాటా ఎస్‌ఎస్‌డీ, దాన్ని ఐడీఈకి కలిపే చిన్న అడాప్టరు తెచ్చాం. పెద్దదే కదా అని 500 గిగాబైట్లది తెస్తే పొరపాటే. ఆ కాలపు కంప్యూటర్లలో చాలావాటికి డిస్కు మీది గడులను లెక్కపెట్టడానికి 28 బిట్లే ఉండేవి. 28 బిట్లతో లెక్కించగల గడులు సుమారు 26 కోట్ల 84 లక్షలు. గడికి 512 బైట్లు. గుణిస్తే 137 గిగాబైట్లు. అంతకుమించి ఎంత పెట్టినా అటువంటి యంత్రానికి కనపడదు, ఒక్కోసారి పైన ఉన్నదాన్ని కూడా చెరుపుకుంటుంది. అందుకే 120 గిగాబైట్లది ఎంచుకున్నాం. తెరమీద అది 111 అని చూపిస్తే మావాడొకడు దుకాణం వాడు మోసం చేశాడని గంతులేశాడు. మోసమేమీ లేదు. డిస్కు తయారుచేసేవారు వెయ్యితో లెక్కిస్తారు, విండోస్ 1024తో లెక్కిస్తుంది.

తరువాత పాత డిస్కును ఊడదీసి, వేరే కంప్యూటరుకు తగిలించి, లినక్సులో గడి తరువాత గడి చొప్పున మొత్తం కొత్తదానిలోకి నకలు తీశాం. ఇక్కడ ఒక్కటే ప్రమాదం. ఏది మూలం, ఏది నకలు అన్నది తారుమారైతే, ఖాళీ డిస్కు వచ్చి నిండు డిస్కు మీద కూర్చుంటుంది. కనుక రెండింటికీ తెల్ల ప్లాస్టరు అంటించి పేర్లు రాశాం, ఇద్దరం చదివాకే మీట నొక్కాం. మిగిలిన జాగాను ‘డి’ అనే వేరే భాగం చేసి ఫొటోలకు కేటాయించాం. మరో పదమూడు వేల ఫొటోలకు చోటు దొరికింది. పెట్టె బిగించి మీట వేస్తే ఎక్స్‌పీ లేచింది, కెమెరా పలికింది. సార్ ఏమీ అనలేదు, అందరికీ టీ తెప్పించారు.

అక్క ఫొటోల సంగతి అంటారా? పాత డిస్కు నకలు మీద, చెరిపిన ఫైళ్ళను వెతికే సాఫ్ట్‌వేరు నడిపాను. కొన్ని దొరికాయి. ఎక్కువ భాగం దొరకలేదు, వాటి చోట నా ఫొటోలే రాసి ఉన్నాయి. దొరికినవి పంపించి, జరిగింది చెప్పాను. "పోనీలే తమ్ముడూ" అంది. ఆ మాట తిట్టుకంటే బరువుగా ఉంది.

ఇక నా అభిప్రాయం. "ఇదంతా పిసినారితనం, కొత్తవి కొనక ఈ అతుకుల బతుకేమిటి?" అనే మిత్రులున్నారు. కొత్తవి వద్దని నేననను. పాత పెట్టె మన యుగంలో అన్ని పనులూ చెయ్యదు. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్టు మద్దతు 2014 ఏప్రిల్ 8తోనే ఆగింది, కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌కు కలపనే కూడదు. డిస్కు పెద్దదైనంత మాత్రాన బుద్ధి పెద్దది కాదు. చెరిపే అలవాటు మానకపోతే ఆ పదమూడు వేలూ నిండిన రోజున మళ్ళీ ఇదే కథ. కానీ గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మాత్రం అడుగుతాను. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు కూడా మామూలు మద్దతు ముగిసింది. ఆ పేరు చెప్పి ఎన్ని కాలేజీల్లో ఎన్ని మంచి పెట్టెలు స్క్రాపు గదికి చేరతాయో! వాటిలో చాలావాటికి ఒక ఎస్‌ఎస్‌డీ, లినక్సు వేస్తే ఇంకొన్నేళ్ళు పాఠం చెబుతాయి. ప్రపంచం మొత్తం మీద 2022లో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైందని, అందులో సక్రమంగా సేకరించి శుద్ధి చేసింది నాలుగోవంతు కూడా లేదని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక 2024లో చెప్పింది. ఆ కుప్పలో మన వంతు కూడా ఉంది కదా!

అంతకంటే పెద్ద విషయం మరొకటి. నాలుగు మరలు విప్పి లోపల ఏముందో చూసే అవకాశం మాకు ఇవ్వరు. ‘ముట్టుకోకండి’ అన్న అట్ట ముక్క ప్రతి ల్యాబులోనూ వేలాడుతుంటుంది. పుస్తకంలో 28 బిట్ల లెక్క పరీక్షకు చదివాను, మరిచిపోయాను. ఆ పెట్టె ముందు కూర్చుని చేసిన లెక్క మాత్రం చచ్చేదాకా మరవను.

కనుక రాబోయే యూనియన్‌కు నా విన్నపాలు మూడు. ఏ ల్యాబు కంప్యూటరునైనా స్క్రాపు కింద రాసేముందు, డిస్కు మార్చి చూశారా అని అడగండి. వేసవి సెలవుల ముందు వారం రోజులు, లెక్చరరు గారి పర్యవేక్షణలో పాత పెట్టెలు విప్పి బాగుచేసే శిక్షణ పెట్టించండి, మార్చిన భాగాలు స్టాకు రిజిస్టరులో ఎక్కించండి, ఆడిటు భయం ఉండదు. ఆఖరిది, అన్నిటికంటే ముఖ్యమైనది: వెళ్ళిపోయే ప్రతి బ్యాచి సేకరించిన సమాచారం రెండు నకళ్ళు, రెండు వేర్వేరు చోట్ల, పేరూ ఊరూ తేదీ రాసి డిపార్ట్‌మెంటులో ఉంచాలన్న నియమం తీసుకురండి.

పాత డిస్కు ఇప్పుడు మా బీరువాలో, ప్లాస్టరు మీద పేరుతో సహా భద్రంగా ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ చెరువు గట్టు గుర్తొస్తుంది. నేను చూడలేదు. చూపించగల ఫొటోలు కూడా సగానికి పైగా లేవు. మన తరువాత వచ్చే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ అటువంటి ఖాళీలు మిగల్చకుండా ఉందాం.