బస్ షెల్టర్ ప్రకటనలు: నీడ ముందు, బోర్డు తరువాత

బస్సు కోసం పది నిమిషాలు నిరీక్షించే ప్రయాణికుడు ప్రకటన సంస్థల దృష్టిలో విలువైన వ్యక్తి. పత్రికలో పుట తిప్పివేయవచ్చు, టెలివిజన్‌లో ఛానెల్ మార్చవచ్చు. బస్ షెల్టర్‌లో నిలబడినవారు ఎదుటి బోర్డును చూడక తప్పదు. ఆ షెల్టర్ అంగళ్ళకు చేరువలో ఉంటే బోర్డు విలువ మరింత పెరుగుతుంది. భిలాయ్‌లోని సివిక్ సెంటర్, సుపేలా బజారు ఇటువంటి కూడళ్ళే. నిరీక్షించేవారి మూలంగా లభించే ఈ సొమ్ములో వారికి దక్కవలసిన వాటా ఎంత అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ప్రకటనల ఆదాయంతో బస్ షెల్టర్లు నిర్మించే పద్ధతి ఫ్రాన్స్‌లో పుట్టింది. 1964లో లియాన్ నగరంలో జాన్ క్లాడ్ డెకో అనే వ్యాపారి షెల్టర్లను తన ఖర్చుతో నెలకొల్పి, వాటి నిర్వహణ బాధ్యతను స్వీకరించి, ప్రతిఫలంగా ప్రకటన హక్కును పొందాడు. అనంతరం అనేక దేశాలు ఈ మార్గాన్ని అనుసరించాయి. హైదరాబాద్‌లో 2018లో ఖైరతాబాద్ వద్ద ప్రారంభమైన ఎయిర్ కండిషన్డ్ బస్ షెల్టర్ కూడా ప్రైవేటు భాగస్వామ్యంతో ఏర్పడినదే. ఈ ఒప్పందాల సారాంశం ఒక్కటే: షెల్టర్ ప్రజలకు, ప్రకటన సంస్థకు. అయితే బోర్డు ఘనంగా వెలుగుతూ, దాని కింద కూర్చునే బల్ల విరిగి ఉంటే ఒప్పందం సగమే అమలైనట్లు లెక్క.

స్థానిక సంస్థల ఆర్థిక పరిస్థితి కూడా ఇందులో ఇమిడి ఉంది. 2016లో వచ్చిన 101వ రాజ్యాంగ సవరణ రాష్ట్రాల జాబితాలోని ప్రకటనల పన్ను అంశాన్ని తొలగించింది. 2017 జూలై 1న జి.ఎస్.టి. అమలులోకి వచ్చింది. పన్ను మార్గం మూసుకుపోగా స్థానిక సంస్థలకు ప్రధానంగా మిగిలినవి స్థలం అద్దె, లైసెన్సు రుసుములే. ఆదాయం తగ్గినవారు అత్యధిక అద్దె చెల్లించే సంస్థకే టెండరు కట్టబెట్టడం సహజం. కానీ అద్దె ఒక్కటే కొలమానమైతే రద్దీ కూడళ్ళలో బోర్డులు పెరుగుతాయి. వ్యాపారం లేని చోట ప్రయాణికుడికి చెట్టు నీడే గతి అవుతుంది.

భిలాయ్‌లో మరొక చిక్కు కూడా ఉంది. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన ఈ ఉక్కునగరానికి దేశం నలుమూలల నుంచి కార్మికులు తరలివచ్చారు. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. సెక్టార్లతో కూడిన టౌన్‌షిప్ నిర్వహణ ఉక్కు కర్మాగారం యాజమాన్యానిది. జి.ఇ. రోడ్డు పొడవునా ఉన్న బజార్లు మునిసిపల్ కార్పొరేషన్ పరిధిలోనివి. సెక్టారులో బస్సెక్కి సుపేలాలో దిగే గృహిణికి ఈ సరిహద్దుతో పనిలేదు. కాగా, స్థలం ఒకరిది, నిబంధనలు మరొకరివి అయినప్పుడు ఏమి జరుగుతుందో ముంబయిలోని ఘాట్‌కోపర్ చూపింది. 2024 మే 13న రైల్వే పోలీసుల అధీనంలోని స్థలంలో ఉన్న భారీ హోర్డింగ్ కూలి 17 మంది మరణించారు. అనుమతి బాధ్యత ఎవరిదన్న వాదులాట ఆ తరువాత మొదలైంది. బస్ షెల్టర్ అంత ఎత్తైనది కాకపోవచ్చు. బాధ్యత తేలకపోవడం మాత్రం అంతే ప్రమాదకరం.

అందువల్ల ఉభయ సంస్థలూ ఉమ్మడి నిబంధనలను రూపొందించుకోవడం సముచితం. రద్దీ కూడలిలో ఒక షెల్టర్ పొందే సంస్థ, ప్రకటనలకు గిరాకీ లేని చోట మరో రెండింటిని నిర్మించి నిర్వహించాలి. బస్సు వచ్చే వైపును బోర్డుతో మూయరాదు. నీడ, దీపం, కూర్చునే బల్ల, మార్గాల పట్టిక విధిగా ఉండాలి. బస్‌స్టాపుల్లో వికలాంగులకు తగిన సదుపాయాలు ఉండాలని 2016 నాటి చట్టమే నిర్దేశిస్తున్నది. కొన్ని బోర్డులను తక్కువ అద్దెకు స్థానిక చిన్న వర్తకులకు కేటాయిస్తే ప్రకటన పెద్ద కంపెనీల సొత్తుగా మిగలదు. వీటిని ఉల్లంఘిస్తే ప్రకటన హక్కు రద్దు కావాలి.

ఇన్ని షరతులు పెడితే టెండరుకు ఎవరూ ముందుకు రారన్న వాదన వినవస్తుంది. బ్రెజిల్‌లోని సావోపాలో నగరం 2007 నుంచి బహిరంగ ప్రకటనలను నిషేధించింది. కొన్నేళ్ళకు వాటిని తిరిగి అనుమతించినప్పుడు ఎంచుకున్నది బస్ షెల్టర్లను, వీధి గడియారాలనే. షెల్టర్లు నిర్మించి నిర్వహించాలన్న షరతు ఉన్నా అక్కడ సంస్థలు ముందుకు వచ్చాయి. మంచి కూడలికి గిరాకీ తగ్గదు. షరతులు ముందుగా తెలిస్తే ఆ మేరకు సంస్థలు లెక్క వేసుకుంటాయి.

2023లో కేంద్రం ఆమోదించిన పి.ఎం. ఇ-బస్ సేవా పథకం కింద దుర్గ్-భిలాయ్‌కి 50 విద్యుత్ బస్సులు కేటాయించారు. బస్సుకు ఖర్చు చేసే ప్రభుత్వం, ఆ బస్సు కోసం ఎండలో నిలబడేవారిని మరువరాదు. ఛత్తీస్‌గఢ్ వేసవిలో నీడ విలాసం కాదు, అవసరం. ఆ నీడకయ్యే ఖర్చును ప్రకటనలు భరించగలవు. భరించేలా చూడవలసిన బాధ్యత స్థలం యజమానులదే.