జీతం లేని వార్డెన్లు

రాత్రి పదకొండు దాటాక కాలేజీ హాస్టల్‌ను నడిపేదెవరో ఎప్పుడైనా కనుక్కున్నారా? వార్డెన్ గారు ఎనిమిదింటికే ఇంటికి వెళ్లిపోతారు. చీఫ్ వార్డెన్ గారి సంతకం నోటీసు బోర్డు మీద కనిపిస్తుందే తప్ప మనిషి కనిపించి నెలలవుతుంది. వాచ్‌మన్ గేటుకు తాళం వేసి కుర్చీలో కునుకు తీస్తుంటాడు. ఆ వేళ నీళ్ల మోటారు ఆగిపోయినా, పై అంతస్తులో ఇద్దరు కొట్టుకున్నా, కొత్తగా చేరిన పిల్లవాడు తలుపేసుకుని ఎంత పిలిచినా పలకకపోయినా అందరూ పరుగెత్తేది ఒకే గదికి. ఆ గదిలో ఉండేది ఎంఏ రెండో సంవత్సరం చదివే కుర్రాడు. మెస్ సెక్రటరీ అనో, ఫ్లోర్ రిప్రజెంటేటివ్ అనో, ఉత్త లీడర్ అనో వాడికొక పేరు తగిలించారు. జీతం లేదు. నియామకపు కాగితం లేదు. గది అద్దెలో మాఫీ లేదు, మెస్ బిల్లులో ఒక్క పూట తగ్గింపు లేదు. ఏదైనా తేడా వస్తే మాత్రం మొదటి సంజాయిషీ వాడే ఇచ్చుకోవాలి.

దీన్ని మన విద్యాసంస్థలు సేవ అంటాయి, నాయకత్వ శిక్షణ అంటాయి. నేను వెట్టి అంటాను.

మాట పెద్దదయిందని నొచ్చుకునేవాళ్లు ఒకసారి నాంపల్లి దాకా రండి. పబ్లిక్ గార్డెన్స్‌లో తెలుగు విశ్వవిద్యాలయపు ప్రాంగణం ఉంది, విశ్వవిద్యాలయం పుట్టింది 1985లో. దానికిప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు. పెట్టినప్పుడు పత్రికా సంపాదకుడన్నారు, ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాసిన పండితుడన్నారు, అన్నీ నిజమే. ఆయన ఒక హాస్టల్‌ను నడిపిన మనిషి అని మాత్రం ఎవరికీ పెద్దగా గుర్తు రాలేదు. పబ్లిక్ గార్డెన్స్ నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో, అబిడ్స్‌లో, రెడ్డి హాస్టల్ ఉంది. 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో మొదలైంది. ఆ తర్వాత ఆయన హైదరాబాద్ నగర కొత్వాల్ అయ్యారు. 1920ల్లో ఆ హాస్టల్ నిర్వహణ ప్రతాపరెడ్డి భుజాన పడింది. ఆ బాధ్యతలో ఉండగానే 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డి ఆ హాస్టల్‌లో ఉండి చదువుకున్నవాడే. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టింది కూడా అక్కడే.

ఆ హాస్టల్ ఒక కులం పేరు మీద నడిచింది. అది అందరి గూడు అని నేను చెప్పడం లేదు. చదువు గడప తొక్కనివ్వని కులాల పిల్లలకు ఆనాటి హైదరాబాద్‌లో అంత సుళువుగా చాప పరుచుకునే చోటు దొరకలేదు. అది వేరే కొట్లాట, ఇంకా తీరని కొట్లాట. ఇక్కడ చెప్పదలచుకున్నది ఒక్కటే. హాస్టల్ నడపడం పెద్ద బాధ్యత అని, దానికి ఎదిగిన మనిషి, చదివిన మనిషి, పిల్లల మధ్య నిలబడే మనిషి కావాలని వందేళ్ల కిందటే ఈ ఊరికి తెలుసు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్రాంధ్ర మహాసభకు అధ్యక్షుడు ఈ ప్రతాపరెడ్డే. ఏ మహాసభ పల్లెల్లో వెట్టి పోవాలని గొంతెత్తిందో, దాని తొలి అధ్యక్షుడి పేరు విశ్వవిద్యాలయానికి పెట్టుకున్న రాష్ట్రంలో హాస్టళ్లు విద్యార్థుల ఉచిత చాకిరీ మీద నడుస్తున్నాయి.

ఇప్పుడు వార్డెన్ గిరీ అంటే ప్రొఫెసర్‌కో లెక్చరర్‌కో అంటగట్టే అదనపు బాధ్యత. ఆయనకు క్లాసులున్నాయి, పరీక్ష పేపర్లున్నాయి, పదోన్నతి ఫైలు ఉంది. పైగా చాలాచోట్ల పోస్టులు ఖాళీ. పని ఎక్కడికి పోతుంది? మెట్లు దిగి ఆ కుర్రాడి గదికే వస్తుంది.

ఆ పని ఏమిటో తెలియనివాళ్లకు చెప్తాను. నేనూ ఒకప్పుడు మెస్ సెక్రటరీగా చేశాను, ఏ హాస్టల్‌లో అన్నది అనవసరం. డివైడింగ్ పద్ధతి మెస్ అంటే నెల ఖర్చంతా తిన్నవాళ్లందరి మీద పంచడం. చెప్పడానికి ఒక్క వాక్యం. చేయడానికి ఒక పొడుగాటి లెడ్జర్. ఎవరెన్ని రోజులు తిన్నారు, ఎవరికి మెస్ కట్, ఎవరి గెస్టులు ఎన్ని పూటలు, ఆదివారం చికెన్ ఎంత, గ్యాస్ ఎంత, వంటవాళ్ల కూలి ఎంత, అన్నిటికీ గళ్లు. తెల్లవారుజామున మీరాలం మండికి పోయి కూరగాయలు, మధ్యాహ్నం బేగం బజార్‌కు పోయి కందిపప్పు, నూనె. బస్తాను కాంటా మీద పెట్టించి, గోనె తూకం తీసేసి, చీటీ రాయించుకుని, ట్రాలీ ఆటోలో బస్తాల మీదే కూర్చుని తిరుగు ప్రయాణం. స్టోర్‌రూమ్ తాళాలు నడుముకు. కిలో పప్పు తగ్గితే దొంగ, రుచి తగ్గితే చేతగానివాడు. హాస్టల్‌తో సంబంధం లేకుండా వచ్చి తినిపోయే నాన్ బోర్డర్లను ఆపకపోతే బిల్లు పెరిగిందని అందరూ తిడతారు. ఆపితే, వాళ్ల వెనకున్న నాయకుడు గదికి వచ్చి ‘తమ్ముడూ, ఏంది సంగతి’ అని పలకరించి పోతాడు. ఆ పలకరింపు విన్నవాడికే తెలుస్తుంది.

దీనికి తోడు వసూళ్లు. స్కాలర్‌షిప్ మెయింటెనెన్స్ ఫీజు ఎప్పుడొస్తుందో తెలియని పిల్లల దగ్గర మెస్ బకాయి అడగాల్సింది ఎవరు? పక్క గదిలో ఉండే, అదే స్కాలర్‌షిప్ కోసం ఎదురుచూసే మరో పిల్లవాడు. కోర్సు అయిపోయి నో డ్యూస్ సంతకం కోసం వచ్చిన స్నేహితుడికి ‘నీకింకా బకాయి ఉంది రా’ అని చెప్పాల్సిందీ వాడే. సర్టిఫికెట్లు ఆపేది సంస్థ, ముఖం చెల్లనిది వాడికి.

అమ్మాయిల హాస్టళ్లలో ఇదే కథ, ఇంకో మెలికతో. సాయంత్రం హాజరు తీసుకునే పని ఫ్లోర్‌కు ఒక అమ్మాయికి అప్పగిస్తారు. కోచింగ్ క్లాసు నుంచి పావుగంట ఆలస్యంగా వచ్చిన తోటి అమ్మాయి పేరు ఎదుట ఎర్ర గీత గీయాలి. గీస్తే గూఢచారి, గీయకపోతే మేడమ్ గారి ముందు దోషి. ఎవరు ఎవరితో ఫోన్‌లో మాట్లాడుతున్నారో చెప్పమని అడిగే మేడమ్‌లూ ఉన్నారు. ఇరవై ఏళ్ల పిల్లను ఇరవై ఏళ్ల పిల్లల మీద కాపలా పెట్టడం ఏ విద్యాశాస్త్రంలో ఉంది?

కాగితాల మీద అంతా సవ్యంగానే ఉంటుంది. ర్యాగింగ్‌ను అరికట్టడానికి యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనలు తీసి చదవండి. వార్డెన్ అన్నివేళలా అందుబాటులో ఉండాలని, ఆయన ఫోన్ నంబరు అందరికీ తెలియాలని అందులో ఉంది. కొత్త విద్యార్థులు ఆరుగురికి ఒక మెంటర్, అలాంటి మెంటర్లు ఆరుగురికి పైన ఇంకొకరు ఉండాలని కూడా ఉంది. మంచి ఆలోచనే. ఆ మెంటర్లు ఎవరు? స్వచ్ఛందంగా ముందుకొచ్చే విద్యార్థులు. వార్డెన్ సగం అమలు కాలేదు, విద్యార్థి సగం ఉచితంగా అమలవుతోంది.

ఇది పిల్లలాట కాదని మనకు చావులు చెబితే తప్ప తెలియదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా వాంకిడి గిరిజన ఆశ్రమ పాఠశాలలో తిండి వికటించి జబ్బుపడ్డ బాలిక 2024 నవంబర్‌లో ఇదే నగరంలోని నిమ్స్‌లో కన్నుమూసింది. అది పాఠశాల, ఇవి కాలేజీ హాస్టళ్లు. వంటగది మాత్రం వంటగదే. నిల్వ ఉన్న పిండిలో పురుగు చూడటం, నీళ్ల ట్యాంకు కడిగించడం, నిప్పులా కాలిపోతున్న ఒంటిని చూసి ఇది ఉస్మానియా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన జ్వరమా, మాత్రతో తగ్గేదా అని తేల్చుకోవడం, ఇవన్నీ శిక్షణ లేని విద్యార్థి విచక్షణకు వదిలేసిన సంస్థ ఏ రోజుకారోజు అదృష్టం మీద బతుకుతోంది.

ఇక మనం పిల్లల్ని ఎగబడి పంపే అమెరికా సంగతి. అక్కడి యూనివర్సిటీ వసతి గృహాల్లో అంతస్తుకో రెసిడెంట్ అసిస్టెంట్ ఉంటాడు. వాడూ విద్యార్థే. కాలేజీ తెరవకముందే శిక్షణ ఇస్తారు, డ్యూటీకి వంతులు వేస్తారు, బదులుగా సాధారణంగా గది ఉచితం, చాలాచోట్ల భోజనం కూడా. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థి చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదన్న హద్దు ఉంది. ‘మా వాడికి క్యాంపస్‌లో పని దొరికింది, రూమ్ ఫ్రీ’ అని పెళ్లిళ్లలో గర్వంగా చెప్పుకునే తండ్రికి, ఇక్కడి హాస్టల్‌లో అదే పని ఊరికే చేస్తున్న పిల్లవాడు మాత్రం చదువు గాలికొదిలి తిరుగుతున్నట్టు కనిపిస్తాడు.

అమెరికాను నెత్తిన పెట్టుకోమని కాదు. అక్కడా ఉచిత గది చూపించి రాత్రింబవళ్లు పని లాగుతున్నారని గొడవలు జరిగాయి. ఆ గొడవల వల్లే 2002లో ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో రెసిడెంట్ అసిస్టెంట్లు ఓటు వేసి యూనియన్ తెచ్చుకున్నారు. 2022లో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో యాజమాన్యమే వాళ్ల యూనియన్‌ను గుర్తించాల్సి వచ్చింది. గది ఉచితంగా ఇచ్చినా చాలలేదని వాళ్లు కొట్లాడారు. మన పిల్లలకు గది అద్దె కట్టించుకుని మరీ పని చేయించుకుంటున్నాం.

అభ్యంతరాలు నాకు తెలుసు. డబ్బిస్తే సేవాభావం పోతుందంటారు. వార్డెన్ గారి అలవెన్సు ఆయన సేవాభావాన్ని పోగొట్టిందా? వైస్ చాన్స్‌లర్ గారి జీతం ఆయన అంకితభావాన్ని తగ్గించిందా? డబ్బు ముట్టగానే మలినమయ్యే త్యాగం పేద విద్యార్థి దగ్గరే ఎందుకుంటుందో ఎవరైనా చెప్పాలి.

నిధులు లేవంటారు. సంక్షేమ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా డైట్ చార్జీని 2024లో నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచారు. అంటే రోజుకు 70 రూపాయలు. యూజీసీ చెప్పిన ఆరు ఆరుల లెక్కన ముప్పై ఆరు మందికి ఒక పెద్ద మెంటర్‌ను పెట్టి, వాడికి పూర్తి భోజనం ఉచితంగా పెడితే, తలకు పడే ఖర్చు నెలకు 59 రూపాయలు దాటదు. అబిడ్స్‌లో మూడు ఇరానీ చాయ్‌ల ఖరీదు. అదీ పిల్లల నెత్తిన వేయనక్కరలేదు, ప్రభుత్వమే భరించవచ్చు. ఇంత సొమ్ము లేని ఖజానాకు శిలాఫలకాల ఖర్చు ఎక్కడి నుంచి వస్తోంది?

గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. జీతం తీసుకున్న విద్యార్థి యాజమాన్యం మనిషైపోతాడు, తోటివాళ్ల తరఫున నోరెత్తడు అని. ఇది తోసిపారేసే మాట కాదు. అయితే ఇప్పుడేమైనా స్వేచ్ఛగా ఉన్నాడా? ఏ రాతకోతా లేదు కాబట్టే వార్డెన్ ఏ పనైనా చెప్పవచ్చు, ఎప్పుడైనా తీసేయవచ్చు, ఎవరి మీదైనా చాడీలు చెప్పమనవచ్చు. సిఫారసు ఉత్తరం ఇస్తారన్న ఆశ, హాజరు శాతంలో సర్దుతారన్న ఆశ, ఇవీ వాడి కూలి. కనపడని కూలి కన్నా కాగితం మీది కూలి మనిషిని నిటారుగా నిలబెడుతుంది. విద్యార్థి సంఘాల ప్రతినిధి వేరు, హాస్టల్ ఉద్యోగి వేరు అని గీత గీస్తే ఇద్దరికీ గౌరవం దక్కుతుంది.

కాబట్టి అడగాల్సింది చాలా మామూలు సంగతులు. ప్రతి విద్యార్థి సహాయకుడికి సంతకం, ముద్ర ఉన్న నియామక పత్రం ఇవ్వాలి. చేయాల్సిన పనులు, చేయకూడని పనులు అందులో రాయాలి. బకాయిల వసూలు, తోటివాళ్ల వ్యక్తిగత జీవితాల మీద నిఘా చేయకూడని పనుల్లో మొదట ఉండాలి. వారానికి పన్నెండు గంటలు మించకూడదు, పరీక్షల రోజుల్లో డ్యూటీ ఉండకూడదు. గది, భోజనం ఉచితం. ప్రథమ చికిత్స నేర్పాలి. 108కి ఎప్పుడు ఫోన్ చేయాలో, మనసు చెదిరిన స్నేహితుడితో ఎలా మాట్లాడాలో, టెలి మానస్ 14416 నంబరుకు ఎలా కలపాలో నేర్పాలి. అన్నిటికీ మించి, రాత్రి పూట ఫోన్ ఎత్తే పెద్దమనిషి, జీతం తీసుకునే పూర్తికాలపు వార్డెన్, ప్రతి హాస్టల్‌లో ఉండాలి. విద్యార్థి ఆయనకు సాయం చేయాలి గాని ఆయనకు బదులు కాకూడదు.

ప్రతాపరెడ్డి పేరు గేటు మీద రాసుకున్నవాళ్లకు ఆయన చేసిన పని విలువ కూడా తెలిసి ఉండాలి. విద్యాశాఖ అధికారులు, వైస్ చాన్స్‌లర్లు ఒక్క ఉత్తర్వుతో చేయగలిగిన పని ఇది. చేయరు. అడిగించుకోనిదే ఇచ్చే అలవాటు ఈ రాజ్యానికి ఎన్నడూ లేదు.

అందుకే చివరి మాట ఆ గదుల్లో ఉన్న పిల్లలకు. తమ్ముడూ, చెల్లీ, వచ్చే ఏడాది మిమ్మల్ని పిలిచి ‘నువ్వయితే బాగా చూసుకుంటావమ్మా’ అన్నప్పుడు మురిసిపోకండి. పొగడ్తకు బియ్యం రావు. కాగితం అడగండి, గంటలు రాయించుకోండి, గది అద్దె మాఫీ చేయమనండి. ఒక్కరే అడిగితే పొగరంటారు, పది హాస్టళ్ల వాళ్లు కలిసి అడగండి. అప్పటికీ ఇవ్వకపోతే స్టోర్‌రూమ్ తాళాలు వార్డెన్ గారి బల్ల మీద పెట్టేసి వెళ్లి చదువుకోండి. మీరు ఊరు విడిచి వచ్చింది అందుకే.