‘రోజు పోత’, ‘రేపు పోత’: ఆంగ్ల వర్తమాన కాలము – మన రెండు భాషలు

ఆంగ్లభాషలో మన విద్యార్థి మొట్టమొదట నేర్చుకొనే కాలం ‘సింపుల్ ప్రెజెంట్’. చిట్టచివరి వరకు పట్టుబడనిది కూడా అదే. డిగ్రీ చివరి సంవత్సరానికి వచ్చిన విద్యార్థిని తన దినచర్య చెప్పమంటే ‘డైలీ ఐ విల్ గెటప్ ఎట్ ఫైవ్’ అనడం వింటూనే ఉన్నాము. ప్రక్క బల్లపై కూర్చున్న ఉర్దూ విద్యార్థి ‘ఐ యామ్ గెటప్ ఎట్ ఫైవ్’ అంటాడు. దీనిని అశ్రద్ధ అని కొందరు, తెలివితక్కువతనమని కొందరు త్రోసివేస్తారు. ఈ రెండు తీర్పులూ న్యాయమైనవి కావు. తప్పునకు మూలం విద్యార్థి బుద్ధిలో లేదు. మనం కాలాలకు పెట్టిన పేర్లలోను, అతని ఇంటి భాషను తరగతి గది వెలుపల నిలబెట్టిన మన బోధనలోను ఉన్నదని నా అభిప్రాయం.

మొదట తెలుగును చూతము. మన కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాలలో ‘నేను రోజు కాలేజికి పోత’ అంటాము. ‘రేపు హైదరాబాదు పోత’ అని కూడా అంటాము. అలవాటుకు, రానున్న పనికి క్రియారూపం ఒక్కటే. భేదమంతా ‘రోజు’, ‘రేపు’ అనే మాటలలో ఉన్నది. వ్యతిరేకార్థంలోనూ ఇంతే. ‘నేను మాంసం తినను’ అన్న వాక్యం ఒక నియమాన్ని తెలుపవచ్చును, ఈ పూటకు వద్దనడాన్నీ తెలుపవచ్చును. అయితే బడిలో ‘పోతాను’ అనే రూపానికి మనం నేర్పిన పేరు భవిష్యత్కాలం. భవిష్యత్తు అనగానే ‘విల్’ అని కూడా మనమే నేర్పాము. విద్యార్థి మనం చెప్పినదానినే నమ్మకంగా పాటించి ‘డైలీ ఐ విల్ గో’ అంటున్నాడు.

ఉర్దూ సంగతి వేరు. అందులో ‘జాతా హూఁ’, ‘జావూంగా’, ‘జా రహా హూఁ’ అని అలవాటు, భవిష్యత్తు, జరుగుతున్న పని మూడూ మూడు రూపాలలో ఉన్నాయి. మన దక్కనీ వాడుకలో కూడా ‘జాతూఁ’ వేరు, ‘జారూఁ’ వేరు. కనుక ఆంగ్లంలోని ఈ విభాగం ఉర్దూ విద్యార్థికి పుట్టుకతోనే తెలుసును. అతనిని తడబాటుకు గురిచేసేది వాక్యం చివరనున్న ‘హూఁ’. అది ‘యామ్’ అనే అర్థమిచ్చే మాట గనుక దానిని వదలలేక ‘ఐ యామ్ గో’ అంటాడు. ఒకే గదిలోని రెండు తప్పులకు రెండు కారణాలున్నప్పుడు ఇద్దరికీ ఒకే ఎర్ర సిరా గీత ఏమి నేర్పగలదు?

స్పానిష్ మాట్లాడే దేశాల విద్యార్థులను మనతో పోల్చి చూస్తే ఈ విషయం ఇంకను స్పష్టమగును. స్పానిష్ భాషలో వర్తమాన రూపంతోనే ‘రేపు వెళ్తాను’ అని చెప్పవచ్చును. వారి ‘వోయ్’ అనే క్రియ ఈ విషయంలో మన ‘పోత’ వంటిదే. కాని వారి బడిలో దానికి పెట్టిన పేరు వర్తమానం. అందుచేత వారు ‘టుమారో ఐ గో’ అని, మనవారు ‘డైలీ ఐ విల్ గో’ అని తప్పుతారు. రూపం ఒకే తీరుది, తప్పులు మాత్రం ఎదురెదురు. పేరు మనిషి ఆలోచనను ఎటు నడుపుతుందో దీనిని బట్టి గ్రహించవచ్చును.

నిజానికి ‘వర్తమానం’ అన్న పేరే ఈ కాలానికి సరిపోదు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్న మాట అర్ధరాత్రి పలికినా సత్యమే. ఇది ఇప్పటి పనిని కాక, ఎప్పటికీ ఉండే స్వభావాన్ని తెలుపుతుంది. ఇందుకు తగిన పేరు మన వ్యాకరణంలో ఏనాడో ఉన్నది. 1858లో వెలువడిన చిన్నయసూరి ‘బాలవ్యాకరణము’ భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు ‘తద్ధర్మము’ను కూడా పేర్కొన్నది. ‘సూర్యుడు ఉదయించును’ అనే రూపం తద్ధర్మం. ఉర్దూ వ్యాకరణంలో దీనికి సమీపమైనది ‘హాల్-ఎ-ముత్లఖ్’. ‘సింపుల్ ప్రెజెంట్ అనగా తద్ధర్మం, హాల్-ఎ-ముత్లఖ్’ అని మొదటి రోజుననే చెప్పినచో సగం చిక్కు విడిపోవును.

మిగిలిన సగం ‘అతడు, ఆమె, అది’ తర్వాత వచ్చే ‘ఎస్’ గురించినది. తెలుగులో ‘పోత, పోతవు, పోతడు, పోతది’ అని ప్రతి పురుషకూ ప్రత్యయం మారుతుంది. ఆంగ్లంలో ఈ కాలంలో మిగిలినది ఒక్క ‘ఎస్’ మాత్రమే. మన ‘డు’, ‘ది’ చేసే పనినే అది చేస్తున్నదని తెలుగు విద్యార్థికి చెప్పవలెను. ఉర్దూ విద్యార్థికి, ‘తూ’ను మినహాయించి, ‘హై’ పలికేచోట ‘ఎస్’ అని చెప్పవచ్చును. ‘వో నహీఁ జాతా’ అన్నప్పుడు ‘హై’ జారిపోయినట్లే, ఆంగ్ల వ్యతిరేక వాక్యంలో ‘ఎస్’ క్రియను వదలి ‘డజ్’ను చేరుతుంది. ఈ పోలిక ఎరిగిన విద్యార్థి ‘హి డజ్ నాట్ గోస్’ అనడు.

ఇంత చిన్న విషయానికి ఇంత చర్చ దేనికని కొందరు అడుగవచ్చును. మన జిల్లాల నుండి ఎందరో యువకులు గల్ఫ్ దేశాలకు వలస పోతున్నారు. లారీ నడపడంలో ఆరితేరిన ఒక యువకుడు ఇంటర్వ్యూలో ‘ఐ విల్ డ్రైవ్ హెవీ వెహికిల్స్’ అన్నాడనుకొందము. అతని మనసులోనిది అనుభవం. వినేవానికి అందినది వాగ్దానం. ‘నేను తాగను’ అనే ఉద్దేశంతో ‘ఐ విల్ నాట్ డ్రింక్’ అన్నవాడు, ఇకముందు మానుకొంటానని ఒప్పుకొన్నట్లు వినిపిస్తాడు. ఒక్క మాట వలన మనిషి పనితనమూ, నడవడీ తప్పుగా అర్థమైపోతున్నవి. 2022-23 నుండి మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలలో ఆంగ్ల మాధ్యమం ప్రవేశించినది. ఇక ఈ తప్పు బరువు పెరుగునే గాని తరుగదు.

ఆంగ్ల తరగతిలో ఆంగ్లమే వినిపించవలెనని, మాతృభాష చొరబడితే అభ్యాసం చెడుతుందని వాదించేవారున్నారు. వినడం, మాట్లాడడం పెరగవలెనన్న మాట నిజమే. కాని మాతృభాషను గదిలోనికి రానీయకున్నా విద్యార్థి తలలోనుండి అది వెళ్ళిపోదు. ‘విల్’, ‘యామ్’ వేషాలలో తిరిగి వస్తుంది. దానిని ఎదురుగా కూర్చుండబెట్టి పోల్చి చూపడమే మేలు. ఇందుకు మన ప్రాంతంలోనే దారి చూపినవారున్నారు. నిజాం పాలనలో, 1943లో, హైమన్‌డార్ఫ్ గారి ఆధ్వర్యంలో నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వెలసినది. గోండు పిల్లలకు గోండి వాచకాలతో చదువు మొదలుపెట్టినారు. ఇంటి భాష మీదుగా ఇతర భాషలకు నడిపించడం మనకు క్రొత్త కాదు. నాటి కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావు గారు తెలుగు, ఉర్దూ, మరాఠీలు ఎరిగినవారై స్పానిష్ కూడా నేర్చినారు. ఒక భాష ఇంకొక భాషకు అడ్డు కాదనుటకు వేరే సాక్ష్యం అక్కరలేదు.

కళాశాల సంఘ పెద్దలకు నా మనవి మూడు మాటలు. మొదటి సంవత్సరపు ఆంగ్ల తరగతులలో మొదటి రెండు వారాలు తెలుగు, ఉర్దూ, ఆంగ్ల క్రియలను మూడు వరుసలలో వ్రాసి బోధించే ఏర్పాటు చేయవలెను. ఒక తెలుగు విద్యార్థిని, ఒక ఉర్దూ విద్యార్థిని జతగా కూర్చుండబెట్టి ఒకరి వాక్యాలను ఒకరిచేత దిద్దించవలెను. ఆ పోలికలను రెండు లిపులలో చిన్న పుస్తకంగా అచ్చు వేయించవలెను. రెండు లిపులూ ఒకే అట్టలో ఇమిడిన పత్రికను వెలువరించే కళాశాలకు ఇది అసాధ్యమైన పని కాదు.

విద్యార్థి మిత్రులారా! ఇకమీదట ‘విల్’ నోటికి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, నేను చెప్పేది ‘రోజు పోత’నా, ‘రేపు పోత’నా అని ప్రశ్నించుకొనండి. సమాధానం తోచకపోతే ప్రక్కనున్న ఉర్దూ మిత్రుని ‘జాతూఁ’ అనవలెనా, ‘జావూంగా’ అనవలెనా అని అడగండి. అతడు తప్పక చెప్పగలడు.