ఫోన్ స్పెక్స్ సరే, మీ అడ్రస్ సంగతేంటి?

కొత్త ఫోన్ ఆర్డర్ పెట్టాక ట్రాకింగ్ పేజీని ఎన్నిసార్లు రిఫ్రెష్ చేస్తామో లెక్కే ఉండదు. మొన్న నా పరిస్థితీ అదే. పొద్దున తొమ్మిదింటికి 'అవుట్ ఫర్ డెలివరీ' అని మెసేజ్ వచ్చింది. ఆ రోజు ఆఫీసుకి వెళ్లకుండా ఇంట్లోంచే పని చేశాను. రాత్రి ఏడున్నరకి ఇంకో మెసేజ్: 'డెలివరీకి ప్రయత్నించాం, కస్టమర్ అందుబాటులో లేరు.' ఫోన్‌లో ఒక్క మిస్డ్ కాల్ లేదు. బెల్ కొట్టిన వాళ్లూ లేరు.

అందరిలాగే నేనూ ముందు డెలివరీ అబ్బాయినే తిట్టుకున్నాను. మర్నాడు అతనే పార్సిల్ తెచ్చాడు. "అన్నా, మీ పిన్ ఎన్క గల్లీల చూపిస్తుంది. ఆడ మీ అపార్ట్‌మెంటే లేదు. రెండు సార్లు తిరిగిన, కాల్ చేస్తే కలవలే" అన్నాడు. యాప్ తెరిచి చూస్తే నిజమే. రెండేళ్ల కిందట ఇల్లు మారిన కొత్తలో వెనక గల్లీలో చాయ్ బండి దగ్గర నిలబడి ఆ అడ్రస్ యాడ్ చేశాను. 'ప్రస్తుత లొకేషన్ వాడు' అన్న బటన్ నొక్కాను. రెండేళ్లుగా నా ఇల్లు ఆ చాయ్ బండి దగ్గరే ఉంది! ఇన్నాళ్లూ పార్సిళ్లు వచ్చాయంటే అది మా పాత డెలివరీ అన్నకి ఇల్లు తెలుసు కాబట్టే. ఆయన రూట్ మారాడు, నా పిన్ బండారం బయటపడింది.

ఏ ప్రాసెసర్ కొనాలో తేల్చుకోడానికి నెల రోజులు తీసుకున్నాను. అడ్రస్‌కి ముప్పై సెకన్లు కూడా పెట్టలేదు.

అందుకే సూటిగా చెప్తున్నా. హైదరాబాద్ లాంటి నగరంలో ఆన్‌లైన్ షాపింగ్‌కి ఇప్పుడు కావల్సింది ఇంకా వేగం కాదు, కచ్చితత్వం. పార్సిల్ వందల కిలోమీటర్లు సాఫీగా వచ్చి ఆఖరి మూడొందల మీటర్ల దగ్గర ఇరుక్కుపోతోంది. ఆ మూడొందల మీటర్లలో కంపెనీ బాధ్యత ఉంది, అపార్ట్‌మెంట్ బాధ్యత ఉంది, మన బాధ్యతా ఉంది. ఖర్చు మాత్రం ఎక్కువగా డెలివరీ అబ్బాయి మీదే పడుతోంది. చాలామందికి చేతికందిన పార్సిల్ లెక్కనే డబ్బులు. తిరిగి వెళ్లిన పార్సిల్‌కి వచ్చేది ఏమీ ఉండదు, పెట్రోల్ మాత్రం తన జేబులోంచే.

డోర్ నంబర్ దారి చూపదు

హైదరాబాద్ పాత డోర్ నంబర్లు గుర్తు చేసుకోండి. ముందు వార్డు, తర్వాత బ్లాక్, ఆ తర్వాత ఇంటి నంబర్, దాని వెనక స్లాష్‌లు. మున్సిపల్ రికార్డుకి అది బాగానే పనికొస్తుంది. కానీ పక్కింటి నంబర్ మన నంబర్ తర్వాతదే అయి ఉంటుందన్న గ్యారంటీ లేదు. అందుకే మన అడ్రస్‌లన్నీ 'పోచమ్మ గుడి పక్క సందు', 'టవర్ ఎదురుగా' అంటూ నడుస్తాయి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద ఉన్న షాపులైతే పిల్లర్ నంబర్‌నే అడ్రస్ చేసుకున్నాయి. నిజం చెప్పాలంటే డోర్ నంబర్ కన్నా అదే నయం, వరుసలో ఉంటుంది కదా.

ఇక పిన్ కోడ్. 1972 ఆగస్టు 15న మొదలైన ఆ ఆరంకెల నంబర్ ఉత్తరాన్ని సరైన పోస్టాఫీసుకి చేర్చడానికి పుట్టింది. అక్కడి నుంచి ఇంటి గడప దాకా దారి పోస్ట్‌మ్యాన్ తలలో ఉండేది. ఏళ్ల తరబడి అవే వీధులు తిరిగేవాడు కాబట్టి పేరు చూడగానే ఇల్లు గుర్తొచ్చేది. ఈ రోజు మన పార్సిల్ తెచ్చే కుర్రాడు వచ్చే నెల ఈ రూట్‌లో ఉంటాడో లేదో తెలీదు. పోస్ట్‌మ్యాన్ తలలో ఉన్న మ్యాప్ ఇప్పుడు యాప్‌లో ఉండాలి. ఆ మ్యాప్‌లో మనం పెట్టేది తప్పు పిన్ అయితే ఎవరేం చేయగలరు?

పిన్ ఎందుకు జారుతుంది

ఇది మన సబ్జెక్టే కాబట్టి కాస్త లోపలికి వెళ్దాం. ఆరుబయట ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ జీపీఎస్ దాదాపు 5 మీటర్ల తేడాతో మన చోటు చెప్పగలదు. ఎత్తైన బిల్డింగుల మధ్య ఇరుకు గల్లీలో శాటిలైట్ సిగ్నల్ గోడలకి తగిలి తిరిగొస్తుంది. ఫోన్ దాన్ని కూడా లెక్కలో వేసుకుని పిన్‌ని పక్క వీధిలోకి తోసేస్తుంది. ఫ్లాట్ లోపల సోఫాలో కూర్చుని లొకేషన్ సేవ్ చేస్తే ఇంకా ఘోరం.

ఎల్1తో పాటు ఎల్5 బ్యాండ్ కూడా పట్టుకునే ఫోన్లలో ఈ తేడా తగ్గుతుంది. 2018లో షావోమీ ఎంఐ 8తో ఈ డ్యూయల్ ఫ్రీక్వెన్సీ జీపీఎస్ ఫోన్లలోకి వచ్చింది. కానీ ఇప్పటికీ చౌక ఫోన్లలో చాలావాటికి ఎల్1 ఒక్కటే దిక్కు. రోజంతా ఎండలో, ఫుల్ బ్రైట్‌నెస్‌లో, మ్యాప్స్ ఆన్‌లో పెట్టుకుని తిరిగే కుర్రాడి చేతిలో ఉండేది ఎక్కువగా అలాంటి ఫోనే. మనం పిన్ తప్పు పెట్టి, అతని ఫోన్ ఇంకాస్త తప్పు చూపిస్తే, రెండు తప్పులూ కలిసి మన పార్సిల్‌ని వెనక గల్లీలో నిలబెడతాయి.

ఈ సమస్యకి మన దగ్గరే ఒక మంచి ప్రయత్నం జరిగింది. 2025 మేలో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. దేశం మొత్తాన్ని దాదాపు 4 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికి 10 అక్షరాలు, అంకెల కోడ్ ఇచ్చారు. దీన్ని తయారు చేయడంలో ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ పాలుపంచుకున్నాయి. రెండూ మన వాళ్లవే అని గర్వపడొచ్చు. అయితే ఇది గేటు దాకానే. ఏడో అంతస్తా, మూడో అంతస్తా అన్నది ఆ కోడ్ చెప్పదు. పైగా షాపింగ్ యాప్‌లు అడ్రస్ పేజీలో దీనికంటూ ఒక గడి పెట్టి, దాన్ని డెలివరీ మ్యాప్‌కి కలిపితేనే మనకి ఉపయోగం. యాప్‌ల నుంచి నేను కోరే మొదటి అప్‌డేట్ ఇదే.

పది నిమిషాలు ఎవరడిగారు?

2024 సెప్టెంబర్‌లో ఐఫోన్ 16 అమ్మకాలు మొదలైన రోజు స్టోర్ ముందు జనం క్యూ కట్టి ఉండగానే బ్లింకిట్, బిగ్‌బాస్కెట్ లాంటి యాప్‌లు నిమిషాల్లో ఫోన్ ఇంటికి చేర్చాయి. మనమంతా స్క్రీన్‌షాట్లు పెట్టుకుని మురిసిపోయాం. ఆ వేగం బైక్‌లో లేదు, సరుకు ముందే మన పేటలోని చిన్న గోడౌన్‌కి వచ్చి ఉండటంలో ఉంది. అంటే పార్సిల్‌ని మనకి దగ్గర్లో పెట్టుకోవడం కంపెనీలకి వచ్చు. మరి మనకి వీలైన గంటకి తెచ్చివ్వడం ఎందుకు రాదు?

ఒక చిన్న ప్రశ్న వేసుకోండి. మీరు ఆర్డర్ పెట్టిన ఫోన్ 'ఈ రోజు ఎప్పుడైనా' వస్తుందంటే మంచిదా, 'రేపు సాయంత్రం 7 నుంచి 8 మధ్య' అంటే మంచిదా? నేనైతే రెండోదే తీసుకుంటాను. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇంట్లో, నలుగురు బ్యాచిలర్లు నాలుగు షిఫ్టుల్లో పనిచేసే ఫ్లాట్‌లో మధ్యాహ్నం మూడింటికి తలుపు తీసేదెవరు? కూరగాయలకి స్లాట్ ఇచ్చే యాప్‌లు, అరవై వేల ఫోన్‌కి రోజంతా కాపలా కాయమంటున్నాయి.

ఇప్పుడు మనం చేస్తున్నదేంటి? "తమ్ముడూ, కింద సెక్యూరిటీ దగ్గర పెట్టేసి వెళ్లు" అంటాం. వాచ్‌మ్యాన్ టేబుల్ కింద పాతిక డబ్బాలు పోగవుతాయి. ఒకటి పోతే నింద ఆయన మీద. దానికి ఆయనకి జీతంలో ఒక్క రూపాయి ఎక్కువ రాదు. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో ఇంకో రకం. గేటు దగ్గర ఎంట్రీ, యాప్‌లో అప్రూవల్, బైక్ బయటే, సర్వీస్ లిఫ్ట్ కోసం వెయిటింగ్. అయిదు నిమిషాల పని అరగంట పడుతుంది. ఆ తర్వాత వచ్చే ఇళ్లన్నిటికీ లేటే.

దీనికి ప్రపంచం ఎప్పుడో కనిపెట్టిన జవాబు పార్సిల్ లాకర్. పోలండ్‌లో ఇన్‌పోస్ట్ కంపెనీ వీధి వీధికీ ఈ లాకర్లు పెట్టింది. పార్సిల్ ఒక అరలో పెడతారు, కోడ్ మన ఫోన్‌కి వస్తుంది, వీలైనప్పుడు వెళ్లి తీసుకుంటాం. డెలివరీ అబ్బాయి ఇరవై గడపలు ఎక్కే బదులు ఒక్క చోట ఆగితే చాలు. మన అపార్ట్‌మెంట్లలో ఒక కారు పార్కింగ్ చోటిస్తే అయిపోయే పని ఇది. ఈసారి అసోసియేషన్ మీటింగ్‌లో జిమ్ గురించి కాకుండా దీని గురించి అడగండి.

అయితే లాకర్ అన్నిటికీ పనికిరాదు. చార్జర్, కవర్, ఇయర్‌బడ్స్‌కి సరే. ఖరీదైన ఫోన్‌ని మాత్రం చేతికే తీసుకోవాలి, ఎందుకంటే...

ఓటీపీ అంటే మీ సంతకం

డబ్బా తెరవకముందే ఓటీపీ చెప్పేయడమంటే చదవకుండా కాగితం మీద సంతకం పెట్టడమే. ఫోన్ కొనేటప్పుడు ఓపెన్ బాక్స్ డెలివరీ ఆప్షన్ ఉంటే వదలకండి. మన ఎదురుగా డబ్బా తెరిచి, లోపల ఉన్నది మనం అడిగిందే అని చూశాకే ఓటీపీ చెప్పాలి. ఆ అబ్బాయికి టైమ్ లేదు, నిజమే. కాబట్టి ఆ రెండు నిమిషాలు మీరు రెడీగా ఉండండి. అతను కింద నిలబడితే పైనుంచి "వస్తున్నా" అని పదినిమిషాలు చేయకండి.

చేతికొచ్చాక *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ, డబ్బా మీదున్న నంబర్ ఒకటేనా చూసుకోండి. ఇంగ్లిష్‌లో కేవైఎం అని రాసి, స్పేస్ ఇచ్చి, 15 అంకెల ఐఎంఈఐ కలిపి 14422కి ఎస్సెమ్మెస్ చేస్తే ఆ నంబర్ అసలుదో కాదో తెలుస్తుంది. ఎవరైనా ఫోన్ చేసి 'మీ పార్సిల్ ఆగిపోయింది, ఈ కోడ్ డయల్ చేయండి' అని స్టార్, 21తో మొదలయ్యే నంబర్ చెప్తే వెంటనే కట్ చేయండి. అది మీ కాల్స్‌ని వాళ్ల నంబర్‌కి మళ్లించే కోడ్. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయాలి.

డబ్బు కట్టింది నేను, కష్టం కూడా నాదేనా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. నేను తప్పు పిన్ పెట్టాను, ఒప్పుకుంటా. కానీ 'కస్టమర్ అందుబాటులో లేరు' అని నా మీద రాసేముందు కంపెనీ ఒక్క ఆధారమైనా చూపించాలి కదా? డెలివరీ కాల్ వాళ్ల సొంత సిస్టమ్ మీదుగా వెళ్తుంది. ఎన్నింటికి చేశారు, కలిసిందా లేదా అన్నది వాళ్ల దగ్గర ఉంటుంది. ఆ సమయంలో బైక్ ఎక్కడుందో కూడా వాళ్లకి తెలుసు. ఈ రెండూ ట్రాకింగ్ పేజీలో పెడితే చాలు. అబద్ధం ఎవరు చెప్తే వాళ్లది బయటపడుతుంది. నిజంగా గల్లీ గల్లీ తిరిగిన అబ్బాయి మీద ఉత్తి పుణ్యానికి కంప్లైంట్ పడదు. నా పిన్ తప్పని కూడా నాకు ఆ రోజే తెలిసేది.

యాప్ పట్టించుకోకపోతే దారి ఉంది. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ప్రతి కంపెనీకీ గ్రీవెన్స్ ఆఫీసర్ ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడా కుదరకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

నేను మాత్రం ఆ రోజు సాయంత్రమే కిందికి దిగి, గేటు బయట రోడ్డు మీద నిలబడి, పిన్ సరిచేశాను. అడ్రస్‌లో బ్లాక్, అంతస్తు, 'మెయిన్ రోడ్డు వైపు నల్ల గేటు' అని రాశాను. పనికిరాని పాత అడ్రస్‌లు మూడు తీసేశాను. మొత్తం రెండు నిమిషాలు పట్టింది. వారం తర్వాత టెంపర్డ్ గ్లాస్ ఆర్డర్ పెడితే మళ్లీ ఆ తమ్ముడే వచ్చాడు. "అన్నా, ఈసారి సీదా వచ్చిన" అన్నాడు.

ఈ రివ్యూ సైట్‌లో ఎన్ని ఫోన్ల గురించి చదివినా సరే, తర్వాతి ఆర్డర్ పెట్టేముందు ఒకసారి గేటు దాకా వెళ్లి రండి.