చిన్న బండి తప్పా, పెద్ద రోడ్డు తప్పా?

2005లో టాటా ఏస్ కొత్తగా వచ్చినప్పుడు మన ఊళ్లలో నవ్వినవాళ్లు ఉన్నారు. రెండు సిలిండర్లు, 16 హార్స్ పవర్. మన ట్రాక్టరులో సగం బలం కూడా లేదు, ఇదేం లాగుతుంది అన్నారు. ఆ ‘చోటా హాతీ’యే నేడు మన కూరగాయల్ని మార్కెట్టుకు చేరుస్తోంది.

గెలిచింది ఇంజను బలంతో కాదు. మన రోడ్లు దాన్ని వేగం అడగలేదు. తోట దారిలో, సంత వీధిలో ఎద్దుల బండి, ఆటో, గొర్రెల మంద అన్నీ ఉంటాయి. అక్కడ 30 కిలోమీటర్ల వేగమే ఎక్కువ. సందులో తిరగాలి, ముక్కాలు టన్ను మోయాలి, డీజిలు తక్కువ తాగాలి. అంతే.

జపానులో 660 సీసీ చిన్న ట్రక్కులు వరిపొలాల ఇరుకు దారుల్లో రైతుకు కుడిభుజం. అవే అమెరికా చేరితే కొన్ని రాష్ట్రాలు పెద్ద రోడ్లెక్కనివ్వడం లేదు. అక్కడ అందరూ వందకు పైగా వేగంతో పోతారు మరి. బండి అదే, రోడ్డు వేరు.

ఇప్పుడు ఆ పెద్ద రోడ్డు మన ఊరికీ వచ్చింది. బంగారుపాళెం నుంచి పలమనేరుకు టమాటాతో మొగిలి ఘాట్ ఎక్కే చిన్న బండి వెనక లారీలు, బస్సులు దూసుకొస్తాయి. తర్వాతి మోడళ్లలో శక్తి పెరిగిన మాట నిజమే. కానీ పాత బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

మన తప్పు కూడా చెప్పుకోవాలి. పాతిక కిలోల క్రేట్లు ముప్ఫై వేస్తే 750 కిలోలు, పాత ఏస్ మోయగలిగింది అంతే. మనం యాభై వేస్తున్నాం. బాడుగ క్రేటు లెక్కన కాబట్టి డ్రైవరూ కాదనడు. ఎక్కేటప్పుడు ఇంజను, దిగేటప్పుడు బ్రేకు ఆగం. 2019లో సవరించిన కేంద్ర చట్టంలో అధిక లోడుకు జరిమానా 20 వేలు, ఆపై అదనపు టన్నుకు 2 వేలు. ప్రాణానికి మాత్రం లెక్క లేదు.

అందుకే మన సంఘం అడిగేది ఇదీ: నాలుగు లైన్ల రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మధ్యలో తెగకుండా మార్కెట్టు దాకా ఉండాలి. ఘాట్ ఎక్కే చోట నిదానపు బండ్లకు వేరే లైను వేయాలి. బాడుగ క్రేటుకు కాక ట్రిప్పుకు కట్టాలి.

మూడోది ప్రభుత్వం చేతిలో లేదు, మన చేతిలోనే ఉంది. ఈ సీజన్ నుంచే మొదలుపెడదాం.